నారదుడి సంగీతం టీచర్ ఒక గుడ్లగూబ: వింత వాయిద్యాలతో భజన చేయొచ్చా?



బీటెక్ చదువుతున్న ఒక తమ్ముడు రెండు వీడియోలు పంపి ఇలా అడిగాడు: "అన్నా, స్టీలు గిన్నెలు, బకెట్లు కొట్టుకుంటూ హనుమాన్ చాలీసా పాడుతున్నారు. వింటుంటే మస్తు ఉంది. కానీ ఇది భక్తేనా, లేకపోతే దేవుడితో ఆటలా?"

రెండు లైన్లలో జవాబు ఇచ్చేద్దాం అనుకున్నా. మూడు వారాలు పట్టింది. ఎందుకంటే అలాంటి వీడియో నేనూ ఒకటి చేశాను. అందులో ఒక తప్పు చేశాను. అది చెప్పకుండా జవాబు రాస్తే నిజాయితీగా ఉండదు. ముందు పురాణంలోకి వెళ్దాం, నా సంగతి తర్వాత.

వింత సంగీతం వీడియోలు ఒకటి చూస్తే చాలు, ఫోన్ ఇంకో యాభై తెచ్చి ముందు పెడుతుంది. వియన్నాలో 1998 నుంచి ఒక బృందం కూరగాయలతో కచేరీలు చేస్తోంది. క్యారెట్లను తొలిచి పిల్లనగ్రోవి చేస్తారు, గుమ్మడికాయను డోలు లాగా కొడతారు, కచేరీ అయ్యాక వచ్చినవాళ్లకు వేడివేడిగా కూరగాయల సూప్ పోస్తారు. (ప్రసాదం అనే ఆలోచన ఎక్కడికి పోయినా ఉంటుంది అనిపించింది నాకు.) స్వీడన్‌కు చెందిన మార్టిన్ మోలిన్ చెక్కతో ఒక పెద్ద యంత్రం చేశాడు. చక్రం తిప్పితే 2000 ఇనుప గోళీలు వరసగా జారిపడుతూ పాట వాయిస్తాయి. 2016లో ఆ వీడియో వచ్చినప్పుడు మా హాస్టల్‌లో రూమ్ రూమ్‌లో అదే నడిచింది.

ఇలాంటివి చూసి "భలే" అంటాం. అదే పని దేవుడి పాటకు చేస్తే మాత్రం కొంచెం జంకుతాం. ఎందుకు? గుడి అంటే పాత వాయిద్యాలు, పాత పద్ధతి అని మనసులో పడిపోయింది కాబట్టి. కానీ ఆ పాతవి కూడా ఒకప్పుడు వింతే. కర్ణాటక కచేరీలో వయొలిన్ లేకుండా ఊహించలేం కదా. అది యూరప్ నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దం మొదట్లో దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. ఘటం అంటే నీళ్లు పోసుకునే కుండకు చుట్టం. మన బతుకమ్మకైతే అసలు వాయిద్యమే అక్కర్లేదు, రెండు చేతుల చప్పట్లు చాలు.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కథ ఇంకా దగ్గరిది. ఆ చిన్న పిల్లాడి చేతిలో ఉన్నది ఇటలీ నుంచి వచ్చిన వాయిద్యం, అదీ ఎలక్ట్రిక్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. అందుకని గురువు పాడేవాడు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగల మీద పలికించేవాడు. అంటే ఆ వేళ్లు నేర్చుకున్నది ఒక మనిషి గొంతును. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

గుంటూరు జిల్లా సుద్దపల్లిలో 1901లో పుట్టిన ఈలపాట రఘురామయ్య స్టేజీ మీద కృష్ణుడు. ఆయన కృష్ణుడికి పిల్లనగ్రోవితో పనిలేదు. వేలు నోట్లో పెట్టి ఈలతోనే రాగాలు తీసేవాడు. ఈరోజు ఎవరైనా కుర్రాడు కృష్ణుడి వేషంలో ఈల వేస్తూ రీల్ పెడితే ఏమంటామో మీరే ఆలోచించండి. ఇక మా జిల్లా సంగతి. వేములవాడ దగ్గర హనుమాజీపేట అంటే అందరికీ సినారె గుర్తొస్తాడు. అదే ఊరి నుంచి ఒగ్గు కథకుడు మిద్దె రాములు వచ్చాడు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ ఎత్తుకుంటే రాత్రంతా డోలు, తాళం, ఆట, హాస్యం అన్నీ కలిసే నడుస్తాయి. అక్కడ నవ్వు వేరు, భక్తి వేరు అని ఎవరూ విడదీయలేదు.

సరే, ఇప్పుడు అసలు పాఠం.

అద్భుత రామాయణంలోనూ లింగ పురాణంలోనూ ఒక కథ ఉంది. విష్ణువు కొలువులో ఒకసారి తుంబురుడి పాటకు పెద్ద గౌరవం దక్కుతుంది. నారదుడికి లోపలికి పోయే దారి కూడా దొరకదు. ఆయనకు మండిపోయింది. ఇంత తపస్సు చేసిన నాకు లేని గౌరవం పాటగాడికా అని. (ఇదే పోటీని పింగళి సూరన 16వ శతాబ్దంలో కళాపూర్ణోదయంలో చాలా సరదాగా నడిపాడు. తెలుగు సాహిత్యం మీద ఆసక్తి ఉన్నవాళ్లు అది తప్పక చదవండి.) అప్పుడు విష్ణువు నారదుడికి చెబుతాడు: నీకు పాట నేర్చుకోవాలని ఉంటే మానసోత్తర పర్వతం దగ్గర గానబంధువు ఉన్నాడు, పో.

నారదుడు పోయి చూస్తే గానబంధువు ఒక గుడ్లగూబ!

మన ఊళ్లలో గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టం అంటారు, దాని గొంతు వింటే చెవులు మూసుకుంటారు. దాని చుట్టూ గంధర్వులు, కిన్నరులు కూర్చుని సంగీతం నేర్చుకుంటున్నారు. పురాణంలో ఇంతకంటే వింత మ్యూజిక్ వీడియో నాకు కనపడలేదు.

ఆ గుడ్లగూబ తన కథ చెబుతుంది. పోయిన జన్మలో అది భువనేశుడనే రాజు. యజ్ఞాలు, దానాలు బాగా చేసినవాడే. కానీ ఒక ఆజ్ఞ వేశాడు: నా రాజ్యంలో విష్ణువును వేదంతో మాత్రమే స్తుతించాలి, పాటలు పాడకూడదు, పాటలు పాడాలంటే నా మీద పాడండి. హరిమిత్రుడనే బ్రాహ్మణుడు మాత్రం నది ఒడ్డున హరి మీద పాటలు పాడుకుంటూ పూజ చేసేవాడు. రాజు అతని ఆస్తి లాక్కుని వెళ్లగొట్టాడు. రాజు చచ్చిపోయాక చేసిన యజ్ఞాల పుణ్యం ఏదీ అక్కరకు రాలేదు. తీరని ఆకలి, గుడ్లగూబ జన్మ. చాలా కాలానికి హరిమిత్రుడు విమానంలో వెళ్తూ ఆ స్థితి చూశాడు. పగ తీర్చుకునే అవకాశం ఉండి కూడా జాలిపడ్డాడు. ఆయన దయతోనే ఆ గుడ్లగూబకు సంగీతం వచ్చింది.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నా. భువనేశుడు నాస్తికుడు కాదు. భక్తికి ఒక్కటే పద్ధతి ఉండాలి అన్నవాడు, మిగతాది తన కోసం దాచుకున్నవాడు. బకెట్ల మీద చాలీసా విని "ఇది అపచారం" అని వెంటనే తీర్పు ఇచ్చేవాళ్లు ఈ రాజు కథ ఒకసారి చదవాలి. నవవిధ భక్తుల్లో రెండోది కీర్తనం. భాగవతంలో ప్రహ్లాదుడు ఆ తొమ్మిదీ చెప్పిన చోట వాయిద్యాల లిస్టు ఏమీ లేదు.

తమ్ముడి ప్రశ్నకు ఇక్కడే జవాబు అయిపోయింది అనుకున్నాను. "చేయొచ్చు" అని. ఆ ధైర్యంతోనే నేను వీడియో చేసింది.

మాది సిరిసిల్ల. ఇక్కడ పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. మా వాడలో పొద్దున లేస్తే సాంచె చప్పుడు, పడుకుంటే సాంచె చప్పుడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు ఉన్న రోజుల్లో రాత్రి రెండింటికి కూడా ఆగేది కాదు. ఆ చప్పుడులోనే నేను ఎంసెట్‌కు చదివా. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరాక, పీజీ రూమ్‌లో నిశ్శబ్దానికి నిద్ర పట్టక సాంచె రికార్డింగ్ ఫోన్‌లో పెట్టుకుని పడుకునేవాణ్ని. నవ్వకండి.

దగ్గరగా వింటే సాంచెలో మంచి తాళం ఉంది. నాడె ఎడమ నుంచి కుడికి పోయిన దెబ్బ, కుడి నుంచి ఎడమకు వచ్చిన దెబ్బ ఒకేలా ఉండవు. ఒకటి బరువు, ఒకటి తేలిక. మా షెడ్డులోని పాత సాంచె నిమిషానికి 120 పోగుల చుట్టుపక్కల కొడుతుంది, అంటే క్షణానికి రెండు దెబ్బలు. నాలుగు సాంచెలు కలిపి నడిస్తే ఇంకా మజా. వేగంలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది కాబట్టి కాసేపు నాలుగూ కలుస్తాయి, మెల్లగా విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. అమెరికాలో స్టీవ్ రైష్ అనే స్వరకర్త 1967లో రెండు పియానోలతో ఇదే పని చేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. మా బాపు దాన్ని రోజూ ఫ్రీగా విన్నాడు.

సాంచె తాళం మీద రాజన్న భజన పెడదాం అనిపించింది. మా వాడ హనుమాన్ గుడిలో ఆడవాళ్ల భజన మండలి ఉంది. హార్మోనియం, డోలక్, తాళాలు, అంతే. వాళ్లు ఐదు శృతిలో పాడతారు. వేములవాడ రాజన్న మీద వాళ్లు పాడే ఒక పాటను గుడిలో రికార్డ్ చేశాను. షెడ్డులో సాంచెలు విడిగా రికార్డ్ చేశాను. రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా.

ఇక్కడ ఇంజనీరు బుద్ధి నిద్ర లేచింది. మన కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి సాంచె మోటారు గుయ్యిమనే మోత 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. హార్మోనియం ఐదు శృతి కింది స్థాయిలో 98. తేడా అరస్వరంలో మూడో వంతు, కానీ చెవికి గుచ్చుకుంటుంది. మోటారును మార్చలేను కదా, అందుకని సాఫ్ట్‌వేర్‌లో గొంతులను పైకి జరిపాను. జరిపినప్పుడు కొంచెం వణుకు కనబడింది, దాన్ని కూడా సాఫు చేశాను. తర్వాత తాళం. పెద్దమ్మ రాజన్న పేరు వచ్చినప్పుడల్లా దెబ్బ కంటే కాస్త ఆలస్యంగా అందుకుంటోంది. ప్రతిసారీ అంతే. నేను దాన్ని తప్పు అనుకుని, ఒక్కో మాటను కత్తిరించి సరిగ్గా సాంచె దెబ్బ మీద కూర్చోబెట్టాను. తెల్లవారేసరికి స్క్రీన్ మీద అన్నీ గీత గీసినట్టు ఉన్నాయి.

వీడియో బాగా పోయింది. నేను ఎప్పుడూ చూడని సంఖ్యలు చూశాను. ఆఫీసులో మేనేజర్ కూడా షేర్ చేశాడు.

ఆ శనివారం గుడికి పోయి మండలి వాళ్లకు ఫోన్‌లో వినిపించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. పాట అయ్యాక పెద్దమ్మ ఫోన్ నా చేతిలో పెడుతూ అన్నది: "మంచిగున్నది బిడ్డా. ఎవరు పాడిండ్రు?"

నన్ను ఎగతాళి చేయడానికి అనలేదు. నిజంగానే అడిగింది.

గానబంధువు కథలో సగమే చెప్పాను ఇందాక. రెండో సగం నేను అంతకుముందే చదివాను, కానీ అది నా గురించి అని తెలియలేదు. నారదుడు గుడ్లగూబ దగ్గర వేల ఏళ్లు సంగీతం నేర్చుకున్నాడు. స్వరాలన్నీ వచ్చాయి. ఇక తుంబురుడిని ఓడిద్దామని బయలుదేరాడు. తుంబురుడి ఇంటి దగ్గర కొందరు ఆడవాళ్లు, మగవాళ్లు కనిపించారు. ఒకరికి చేయి లేదు, ఒకరికి కాలు లేదు, ఒకరికి ముక్కు లేదు. ఎవరయ్యా మీరు, ఎవరు ఇలా చేశారు అని అడిగాడు. వాళ్లు చెప్పారు: మేము రాగాలం. నారదుడనే ఆయన పాడితే ఇలా అయ్యాం. తుంబురుడు పాడితే మళ్లీ బాగవుతాం, అందుకే ఇక్కడికి వచ్చాం.

వాళ్లకు తమ ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. పెద్దమ్మకు ఆ గొంతు ఎవరిదో తెలియనట్టే.

గమనించండి, నారదుడి చేతిలో ఉన్నది బకెట్ కాదు, మహతి. వాయిద్యం తప్పు కాదు, గురువు తప్పు కాదు, అభ్యాసం తక్కువ కాదు. ఓడించాలి, చూపించాలి అన్న కోరికతో పాడితే స్వరం అవయవాలు పోగొట్టుకుంది. కథలో భువనేశుడిది ఒక తప్పు, నారదుడిది ఇంకో తప్పు. మొదటివాడు పాటను ఆపాడు, రెండోవాడు పాటను వాడుకున్నాడు. నేను భువనేశుడిని కాకూడదని జాగ్రత్తపడుతూ సూటిగా పోయి నారదుడి గుంటలో పడ్డాను. చివరికి నారదుడు కృష్ణావతారం దాకా ఆగి, జాంబవతి, సత్యభామ, రుక్మిణి దగ్గర ఒకరి తర్వాత ఒకరి దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. దేవర్షి అంతటివాడు అంతఃపురంలో విద్యార్థి.

నేనూ పోయి పెద్దమ్మ దగ్గర కూర్చున్నా. రాజన్న పేరు దగ్గర ఎందుకు ఆగుతావని అడిగాను. ఆగుతున్నట్టు ఆమెకే తెలియదు. కాసేపు ఆలోచించి, "పేరు పట్టుకునే ముందట ఒకసారి చూసుకుంటం గద బిడ్డా" అన్నది. తర్వాత ఇంకో మాట చెప్పింది. ఆమె ముప్పై ఏళ్లు సాంచెల పక్కన కూర్చుని కండెలు చుట్టిందట. పొద్దంతా పాడుతూనే. "ఆ సప్పుడుల నా పాట నాకే ఇనపడకపోయేది. ఆయనకు ఇనపడదా?"

అంటే సాంచె మీద భజన అనే నా కొత్త ఐడియా నేను పుట్టకముందు నుంచీ ఆ షెడ్లలో నడుస్తోంది. నేను తెచ్చిన కొత్తదనం ఒక్కటే, ఆమెను అందులోంచి తీసేయడం.

శాస్త్రం కూడా ఆమె వైపే ఉంది. పాట, తాళం కలిసి మొదలైతే సమం అంటారు. పాట ముందు వస్తే అతీతం, తాళం ముందు నడిచి పాట తర్వాత అందుకుంటే అనాగతం. ఆలస్యానికి కూడా పేరు పెట్టి గౌరవం ఇచ్చిన సంగీతం మనది. నేను దాన్ని ఎర్రర్ అనుకుని డిలీట్ కొట్టాను.

మన దగ్గర లెక్క లేదని కాదు. బెంగళూరు మృదంగ విద్వాంసుడు బి.సి. మంజునాథ్ వీడియో ఒకటి ఉంది, ఫిబొనాచి సంఖ్యలను కొన్నక్కోల్‌లో నోటితో పలుకుతారు: ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది. నాలాంటి కోడింగ్ వాళ్లకు పండగ. ఆ సంఖ్యలు ఛందస్సులోంచే మనకు ముందు వచ్చాయి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కట్టొచ్చు? ఐదు. ఐదు మాత్రలకు ఎనిమిది. విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ లెక్క ఫిబొనాచి కంటే ముందే చెప్పారు. మంజునాథ్ వీడియో చూడండి, ఎంత కఠినమైన లెక్క నడుస్తున్నా ఆయన ఊపిరి వినబడుతుంది. మాండొలిన్ శ్రీనివాస్ తీగల్లో గురువు గొంతు ఉన్నట్టు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు పంపిన రెండు వీడియోలూ మళ్లీ విన్నాను. మొదటిదాంట్లో పిల్లలు గిన్నెలు కొడుతూ మధ్యలో ఒక చౌపాయి మర్చిపోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుని, మళ్లీ వెనక్కి పోయి మొదటి నుంచి అందుకున్నారు. చాలీసా పూర్తి కావాలన్న పట్టుదల ఉంది వాళ్లలో. నాకు నచ్చింది, మా ఇంట్లో అందరికీ చూపించా. రెండోదాంట్లో కెమెరా మొత్తం ఆ అబ్బాయి చేతుల మీద, కండల మీద ఉంది. పన్నెండో చౌపాయి తర్వాత చాలీసా ఆగిపోయింది, బకెట్ సోలో ఆగలేదు. అతను బాగా వాయిస్తాడు, అందులో సందేహం లేదు. దాన్ని డ్రమ్మింగ్ వీడియోగా చూడు, బాగుంటుంది. నేను అతన్ని ఏమీ అనను. నా మొదటి వీడియో అతని వీడియో కంటే అధ్వాన్నం, అతను కనీసం వేరేవాళ్ల గొంతు కోయలేదు.

ఆ వీడియో తీసేశాను. ఎందుకు తీసేశావని చాలామంది అడిగారు, ఇదే కారణం.

పోయిన ఆదివారం మళ్లీ రికార్డ్ చేశాం. ఈసారి మండలి మొత్తం షెడ్డుకే వచ్చింది. శృతి గొడవ పెద్దమ్మే తేల్చింది. హార్మోనియం పక్కన పెట్టించి, నాలుగు సాంచెల్లో ఒక్కదాన్నే నడపమని, దాని మోతకు గొంతు కలుపుకుంది. మిగతావాళ్లు ఆమెకు కలిపారు. సాఫ్ట్‌వేర్‌లో నేను ఒక రాత్రంతా చేసిన పనికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. సాంచె ఆమె కోసం ఆగదు, ఆమె పేరు దగ్గర ఆగడం మానదు. ఆ రెండింటి మధ్య దొరికిన సందులో పాట నడిచింది.

కొత్త వీడియో ఈ శనివారం పొద్దున ఆరింటికి వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఎడమ వైపు సాంచె, కుడి వైపు మండలి. మూడో చరణంలో పోగు తెగి సాంచె ఆగిపోతుంది, బాపు వెళ్లి పోగు అతుకు వేసి మళ్లీ నడిపేదాకా చప్పట్లే వినబడతాయి. అక్కడ నేను ఏమీ కత్తిరించలేదు.